వెయ్యి రూపాయల పని నేర్పిన పాఠం

‘‘నెలకు వెయ్యి రూపాయల కోసం మా అమ్మాయి రోజూ సాయంత్రం పోవాలా సార్? బట్టల కొట్టులో చేరినా ఇంతకు ఎన్నో రెట్లు ఇస్తారు కదా!’’

కరోనా తర్వాత 2021లో తమిళనాడు ప్రభుత్వం ‘ఇల్లం తేడి కల్వి’ పథకం మొదలుపెట్టినప్పుడు హోసూరు ప్రాంతంలో ఓ తండ్రి నన్నడిగిన మాట ఇది. ఇంటి దగ్గరికే చదువు అన్నది ఆ పథకం ఉద్దేశం. ప్లస్‌టూ పాసైనవారు ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు, డిగ్రీ చదివినవారు ఆరు నుంచి ఎనిమిది వరకు రోజూ గంట, గంటన్నర చెప్పాలి. నెలకు వెయ్యి రూపాయల ప్రోత్సాహకం ఇచ్చేవారు.

ఆ అమ్మాయి చేరింది. పిల్లలకు తమిళంలో చెప్పేది, వాళ్ల తల్లులకు తెలుగులో వివరించేది. తర్వాత ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా పూర్తిచేసింది. ఓ ప్రైవేటు బడిలో ఇంటర్వ్యూకు వెళితే ముందుగా పాఠం చెప్పి చూపించమన్నారు. తడబడకుండా చెప్పింది. ఇప్పుడు అక్కడే జీతానికి పనిచేస్తోంది. ప్రభుత్వ ఉద్యోగానికి టెట్ తప్పనిసరి కాబట్టి దానికీ చదువుతోంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వాలంటీరు పని ఆమెకు ఉద్యోగం ఇవ్వలేదు. ఉద్యోగానికి కావలసిన ధైర్యం, అలవాటు ఇచ్చింది. అర్హత మాత్రం చదువుతోనే వచ్చింది. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ సరిపోదని పిల్లలకు ముందే చెప్పాలి.

సేవకు గుర్తింపునిచ్చే దారులు ఇంకా ఉన్నాయి. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు పనిచేసి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొంటే సర్టిఫికెట్ వస్తుంది. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉండి, మిగతా అర్హతలు కూడా ఉన్నవారు సైన్యంలో ఎన్‌సీసీ ప్రత్యేక ప్రవేశానికి దరఖాస్తు చేసుకోవచ్చు. వీరికి యూపీఎస్సీ రాత పరీక్ష ఉండదు. ఎంపికైనవారిని నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు పిలుస్తారు.

తల్లిదండ్రులు ముందుగా అడగాల్సిన ప్రశ్నలు మూడు. పిల్లలు అక్కడ ఏ పని నేర్చుకుంటారు? ఎన్నాళ్లు, రోజుకు ఎన్ని గంటలు? చివర్లో ఏ కాగితం ఇస్తారు, ఎవరు సంతకం చేస్తారు? వీటికి సూటిగా జవాబు రాకపోతే అది సేవ కాదు, వెట్టిచాకిరి. చేరడానికే డబ్బు కట్టమన్నా, ‘తర్వాత పర్మినెంటు చేస్తాం’ అని నోటిమాటగా ఆశపెట్టినా జాగ్రత్తపడాలి.

మనం ఉపాధ్యాయులం చేయాల్సిందీ ఉంది. ప్రతి వాలంటీరు చేత ఓ నోటుపుస్తకం పెట్టించాలి. ఏ తేదీన, ఎన్ని గంటలు, ఏం చేశారో వాళ్లే రాసుకోవాలి. రేపు ఇంటర్వ్యూలో ‘ఏం చేశావు?’ అని అడిగితే జవాబు అందులోనే దొరుకుతుంది.

తెలుగు మీడియంలో చదివితే మన పిల్లలు వెనకబడతారన్న దిగులు చాలా ఇళ్లలో ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో మాట్లాడే పిల్లలు వీళ్లు. ఆసుపత్రి దగ్గర, బ్యాంకు దగ్గర, బడి దగ్గర రెండు భాషల వాళ్ల మధ్య మాట కలపగలరు. ఆ నేర్పు తమకుందని చాలామందికి పనిలో దిగాకే తెలుస్తుంది.

మొన్న ఆ తండ్రి మళ్లీ బడికి వచ్చాడు, చిన్నమ్మాయిని ఎన్‌ఎస్‌ఎస్‌లో ఎలా చేర్పించాలో అడగడానికి.