రాగి తరగలేదు.. తవ్వే తీరు మారింది

మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్‌ జిల్లాకు చెందిన చిన్న పురపాలక పట్టణం మలాజ్‌ఖండ్‌. దేశంలోని రాగి నిల్వల్లో అధికభాగం ఇక్కడే ఉంది. హిందుస్థాన్‌ కాపర్‌ సంస్థ 1982లో గని ప్రారంభించాక, కొండ ఉన్నచోట మెట్లుమెట్లుగా భారీ గొయ్యి ఏర్పడింది. ఆ గొయ్యి మూతపడితే పట్టణమూ మూతపడుతుందా? అక్కర్లేదు. లోతు పెరిగేకొద్దీ టన్ను ఖనిజం కోసం తొలగించాల్సిన వట్టి రాయి పెరుగుతుంది. పైనుంచి తవ్వడం గిట్టదు. అందువల్లే 2010వ దశకంలో భూగర్భ గని పనులు చేపట్టారు.

నూరు కిలోల ఖనిజంలో రాగి సుమారు కిలో మాత్రమే. రాతిని పిండిచేసి, నురుగుపై రాగి రేణువులను తేల్చి వేరుచేస్తారు. దాదాపు పావువంతు రాగి గల ఆ పొడి కరిగించడానికి పరాయి ఊళ్లకు తరలిపోతుంది. మిగిలిన బురద మాత్రం మలాజ్‌ఖండ్‌లోనే ఉండిపోతుంది.