ఒడ్డుకు రాలేని ఆదివారం

అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో అలిగేనీ, మొనాంగహీలా నదులు కలిసి ఒహాయో నదిగా సాగిపోతాయి. ఒకప్పటంత రద్దీ లేకపోయినా, అక్కడి గట్టు మీద నిలబడితే బొగ్గు బార్జీలు నెమ్మదిగా కదిలిపోవడం ఇప్పటికీ చూడవచ్చు. నగరానికి ఎగువనున్న క్లెయిర్టన్ కోక్ కర్మాగారానికి బొగ్గు చేరేది ఈ నీటి దారినే. బార్జీలను నడిపించేది టోబోటు. పేరుకు లాగే పడవే గాని అది లాగదు, వెనుక చేరి నెడుతుంది. ఒక్కో బార్జీలో దాదాపు 1500 టన్నులు పడతాయి. అంటే సుమారు 15 రైలు వ్యాగన్ల సరుకు! అలాంటి బార్జీలను ఉక్కు తీగలతో బిగించి, ఒకే తెప్పలా చేసి నెడతారు.

గట్టు మీది మనకు బొగ్గు కనిపిస్తుంది, మనుషులు కనిపించరు. ఆరు గంటలు పని, ఆరు గంటలు విశ్రాంతి, మళ్లీ ఆరు గంటలు పని. వారాల తరబడి పడవే వాళ్లకు ఇల్లు. 'ఆదివారం మందిరానికి రాలేదేం?' అని అడగడం మన సంఘాల్లో తేలికే. ఒడ్డున చర్చి గంట వినబడుతున్నా దిగి వెళ్లలేనివారిని ఏమని అడుగుతాం? అంత దూరం ఎందుకు, సింగరేణి గనుల్లో రాత్రి షిఫ్టుకు దిగే విశ్వాసిని కూడా మనం అదే మాట అడుగుతున్నాం.

2005 జనవరి 9న, తెల్లవారకముందే, పిట్స్‌బర్గ్‌కు దిగువన 'ఎలిజబెత్ ఎం' అనే టోబోటు బొగ్గు బార్జీలతో వెళుతూ వరద ఉద్ధృతికి చిక్కింది. మాంట్‌గోమరీ డ్యామ్ మీదుగా కొట్టుకుపోయి మునిగింది. పడవలోని ఏడుగురిలో నలుగురు చనిపోయారు. ఆ రోజు ఆదివారం.

రాలేనివారి దగ్గరకు తానే వెళ్లే పరిచర్య కూడా అక్కడ ఉంది. 1834లో న్యూయార్కులో ఆరంభమైన సీమెన్స్ చర్చ్ ఇన్‌స్టిట్యూట్ చాప్లిన్లు సముద్ర నావికులతో పాటు ఈ నదుల మీది పనివారినీ పడవల్లోనే కలుస్తారు. ఏ సంఘం వాడివని అడగరు, ముందు వాళ్లు చెప్పేది వింటారు. ప్రమాదం జరిగితే బతికినవారికి, బాధిత కుటుంబాలకు తోడుంటారు. నావికుల కోసం స్వచ్ఛంద సేవకులు ఊలు టోపీలు, మఫ్లర్లు చేత్తో అల్లి పంపుతారు. 1898లో మొదలైన ఆ అలవాటు నేటికీ సాగుతోంది. ఇప్పుడు ఆ క్రిస్మస్ మూటలు టోబోట్లకూ చేరుతున్నాయి. అల్లినవారికి, ఆ టోపీ పెట్టుకుని చలిలో తీగలు బిగించే మనిషి ముఖం తెలియదు.