పెట్రోలు బంకు వద్ద జీరో బ్యాలెన్సు ఖాతా కార్డు

నల్లగొండ, సూర్యాపేట ప్రాంతముల నుండి విజయవాడ రహదారి మీద సరుకు తెచ్చు రైతులకు ఎల్.బి. నగర్ పట్నపు గుమ్మము వంటిది. 2021 వరకు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టుకు పోవు బండ్లు ఈ కూడలి దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు సాగెడివి. ఆ మార్కెట్టును బాటసింగారమునకు తరలించిన పిమ్మట పండ్ల బండ్లు ఊరి వెలుపలనే ఆగుచున్నవి. సరూర్‌నగర్, వనస్థలిపురం రైతుబజార్లకు కూరగాయలు తెచ్చువారు మాత్రము వచ్చుచునే యున్నారు. అమ్మకము కాగానే తిరుగు ప్రయాణమునకు బంకులో డీజిలు పోయించుకొనుట మామూలు. అచ్చట జేబులోని నోట్లు తీయుటయా, బ్యాంకు కార్డు తీయుటయా అన్నదే ఇచ్చటి ప్రశ్న.

2014 ఆగస్టు 28న జన్‌ధన్ యోజన ప్రారంభమైనది మొదలు మీలో చాలమందికి కనీస నిల్వ అక్కరలేని ఖాతా, దానితో రూపే కార్డు లభించినవి. ఆ కార్డును ట్రంకుపెట్టెలో పట్టాదారు పాసుపుస్తకము ప్రక్కన భద్రపరచినవారే హెచ్చు. కార్డు గీసినచో డబ్బు కోత పడునని వారి భయము. ఈ భయము ఊరక పుట్టినది కాదు.

ఇట్టి ఖాతాలో నెలకు నాలుగు ఉపసంహరణలు ఉచితము. బంకులో గీసిన కార్డును, దుకాణములో చెల్లించిన పైకమును కూడ కొన్ని బ్యాంకులు ఈ నాలుగింటిలో చేర్చి లెక్కించినవి. అనగా రెండుమార్లు ఏ.టి.ఎం.లో నగదు తీసి, రెండుమార్లు డీజిలు పోయించుకొన్న రైతు ఐదవమారు కార్డు తీసినచో అపరాధ రుసుము వంటిది కట్టవలసి వచ్చెడిది. భారతీయ స్టేట్ బ్యాంకు ఇట్లు ఒక్కొక్క లావాదేవీకి 17 రూపాయల 70 పైసలు వసూలు చేసినట్లు బొంబాయి ఐ.ఐ.టి. వారి అధ్యయనము 2021లో బయటపెట్టినది. నూరు రూపాయల పెట్రోలుకు పదునెనిమిది రూపాయల చిల్లర! బీదవాని ఖాతా అని పేరు పెట్టి బీదవాని వద్దనే ఇట్లు తీసికొనుట న్యాయమని నాకు తోచదు. 2020 జనవరి 1 తరువాత రూపే, యు.పి.ఐ. చెల్లింపులపై తీసికొన్న రుసుములను తిరిగి ఇయ్యవలెనని ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు 2020 ఆగస్టు 30ననే బ్యాంకులకు తెలిపియున్నది. కార్డు గీయుట, యు.పి.ఐ. వంటి చెల్లింపులు ఆ నాలుగింటి లెక్కలోనికి రాకూడదని రిజర్వు బ్యాంకు 2025 డిసెంబరులో ఆదేశించి, అందుకు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించినది. కనుక డీజిలుకు కార్డు వాడిన రైతుకు నాలుగు నగదు ఉపసంహరణలును మిగులును. కూలీలకు నోట్లే కావలెను గదా!

ఇక బంకువారు అదనముగా అడుగుదురేమో అను శంక. కార్డు అమ్మకములపై బ్యాంకులు నూటికి ఒక రూపాయి చొప్పున తమ వద్ద కోయుచున్నవని బంకు యజమానులు 2017 జనవరిలో కార్డులు నిరాకరింతుమని ప్రకటించిరి. ప్రభుత్వము కల్పించుకొనగా ఆ గొడవ సద్దుమణిగినది. 2020 జనవరి 1 నుండి రూపే డెబిట్ కార్డుపై వ్యాపారికి ఆ రుసుము లేదు. కావున మీ వద్ద పైన వసూలు చేయుటకు ఆధారము లేదు.

కార్డు వాడుకలో మరొక ముఖ్య విషయమున్నది. జన్‌ధన్ రూపే కార్డుతో ప్రమాద బీమా కలదు. 2018 ఆగస్టు 28 తరువాత తెరచిన ఖాతాలకు రెండు లక్షలు, అంతకు ముందటివాటికి లక్ష రూపాయలు. అయితే ప్రమాదమునకు ముందు 90 దినములలో ఆ కార్డుతో ఒక్క లావాదేవీయైనను జరిగియుండవలెను. తెల్లవారుజామున చీకటిలో రహదారి మీద బండి నడుపువాడు పెట్టెలో దాచిన కార్డును నమ్ముకొనిన, అతని కుటుంబమునకు ఆ సొమ్ము దక్కదు. మూడు నెలలకొకమారు రెండు వందల రూపాయల డీజిలుకు గీసినను షరతు తీరును. పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణ అధికారులు ఈ ఒక్క మాట గ్రామసభలో చెప్పినచో ఎంతో మేలు.

బంకులో చేయవలసినది కష్టమేమియు కాదు. పోయుటకు ముందు మీటరులో సున్న చూడుడు. కొలతపై అనుమానమున్నచో ఐదు లీటర్ల కొలపాత్రతో చూపుమని అడుగుటకు మీకు హక్కు కలదు. కార్డును పనివాని చేతికిచ్చి దూరముగా పంపక మిషన్‌నే మీ యొద్దకు తెప్పించుకొనుడు. అంకె చదివి, పిన్ మీరే నొక్కుడు. వచ్చిన చీటీని ఇంటికి తీసికొని పొండు. కొత్త కార్డులు కొన్ని మిషన్‌కు తాకించినంతనే 5,000 రూపాయల వరకు పిన్ లేకయే చెల్లును. అట్టి కార్డు పోయినచో ఆలస్యము చేయరాదు. ఆ సౌకర్యము వద్దనుకొన్నవారు బ్యాంకులో చెప్పి ఆపించుకొనవచ్చును.

మన బంకులలో నూనె పోయుటకు మనిషి ఉండును. అమెరికాలో చాలచోట్ల ఎవరి బండికి వారే నింపుకొందురు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కంప్యూటరు కోర్సులు చదివి ఆ దేశము పోయిన రైతుబిడ్డలు అనేకులు. అచ్చట పంపులో కార్డు పెట్టగానే, ఎంత నింపుదురో ముందు తెలియదు గనుక, ఖాతాలో కొంత సొమ్మును నిలిపి ఉంచుదురు. 2022 నుండి ఆ మొత్తము 175 డాలర్ల వరకు ఉండవచ్చును. ముప్పది డాలర్ల నూనె కొన్నవానికి మిగతాది విడుదలగు వరకు చేతికి రాదు. ఖాతాలో సొమ్ము తక్కువగా ఉన్నవారు లోపలికి పోయి గుమాస్తా వద్ద ముందే ఇంత అని చెల్లించుట మంచిది. పిల్లలకు ఫోనులో ఈ సంగతి తెలుపుడు.

ఒక్కొక్కప్పుడు ఖాతాలో సొమ్ము తగ్గును, మిషన్‌లో మాత్రము చెల్లింపు కాలేదని వచ్చును. బంకువాడు మరల గీయుమనును. ముందు ఫోనుకు వచ్చిన సందేశము చూడుడు. కోత పడినచో విఫలమైన చీటీని తీసికొని, అప్పటికి నోట్లిచ్చి బయలుదేరుడు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశము ప్రకారము లావాదేవీ జరిగిన ఐదు దినములలో ఆ సొమ్ము తనంతట తానే తిరిగి రావలెను. దాటిన ప్రతి దినమునకు నూరు రూపాయల చొప్పున బ్యాంకు పరిహారమియ్యవలెను.

మీకు తెలియని కోత పాసుబుక్కులో కనబడినచో మూడు పనిదినములలోగా బ్యాంకుకు తెలియజేయుడు. పిన్ ఇతరులకు చెప్పినవానికి మాత్రము ఫిర్యాదు చేయు వరకు జరిగిన నష్టము తనదే. ఫిర్యాదు వ్రాతమూలకముగా ఇచ్చి రసీదు పుచ్చుకొనుడు. ముప్పది దినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు సరిపడకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. దానికి రుసుము లేదు. వివరములకు ఫోను నంబరు 14448.