పిల్లాడు వద్దన్న కూర ఖరీదు

ఒడిశాలో బరంపురం బస్తీల్లోనో గంజాం జిల్లా పల్లెల్లోనో సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం ముగిసే వేళ పిల్లల కంచాలు చూడండి. ఆ రోజు పప్పు, కూరగాయలు కలిపి వండే దాల్మా అయితే అన్నం, పప్పు ఖాళీ అవుతాయి. బంగాళాదుంప ముక్కలు అన్నిటికంటే ముందే మాయమవుతాయి. కంచం అంచుకు చేరేవి గుమ్మడి, బొప్పాయి ముక్కలే. పేదింటి పిల్లలకు కూరగాయలు సయించవని, తల్లులు అలవాటు చెయ్యలేదని పెద్దలు తేల్చేస్తారు. అలవాటు కాలేదన్నది నిజమే. ఎందుకు కాలేదని మాత్రం ఎవరూ అడగరు. అలవాటు చెయ్యడానికి డబ్బు ఖర్చవుతుంది. ఆ ఖర్చు పేద తల్లి భరించలేదు కనుక సర్కారు భరించాలి. ఈ కథనం చెప్పదలచింది అదే.

తీపి మీద ఇష్టం పుట్టుకతో వస్తుంది, చేదు మీద విముఖత కూడా అంతే. కూరగాయల రుచి మాత్రం నేర్చుకోవలసిందే. ఆ చదువు తల్లి కడుపులోనే మొదలవుతుంది. గర్భిణిగా ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో తల్లి క్యారెట్ రసం తాగితే, ఆ రుచి కలిపిన ఆహారాన్ని బిడ్డ తేలిగ్గా అందుకుంటాడని అమెరికాలో జూలీ మెనెల్లా బృందం 2001లో చూపించింది. పాలపళ్లు వచ్చాక పిల్లలకు కొత్త వంటకమంటే అనుమానం పట్టుకుంటుంది. దానికి మందు ఆ వంటకాన్నే మళ్లీ మళ్లీ రుచి చూపించడం. సుమారు పదిసార్లు రుచి చూపిస్తే నాలుగైదేళ్ల పిల్లల్లో ఇష్టం పెరుగుతుందని సలివాన్, బర్చ్ 1990లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. అంటే ఇష్టం పుట్టేలోపు కొన్ని ముద్దలు నేలపాలు కాక తప్పదు.

కలిగినవాళ్లకు ఆ వృథా లెక్కలోకే రాదు. కేట్లిన్ డేనియల్ అనే సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ ప్రాంతంలో పేద, ధనిక తల్లిదండ్రులతో మాట్లాడి 2016లో ఇదే రాశారు: పిల్లలు పారేస్తారన్న భయంతో పేదవాళ్లు వాళ్లు తప్పక తినేవే కొంటారు, ధనికులు పారేసినా మళ్లీ వండి పెడతారు. గంజాంలో లెక్క ఇంకా కఠినం. ఈ జిల్లా నుంచి ఎందరో మగవాళ్లు సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తూ ఇంటికి డబ్బు పంపుతారు. ఆ డబ్బుతో నెల గడపాల్సిన ఇల్లాలు పావుకిలో బెండకాయలు కొని వేయిస్తే, పిల్లాడు ముట్టకపోతే, కూర డబ్బూ పోతుంది, వాడి కడుపూ నిండదు. బంగాళాదుంపతో ఆ భయం లేదు. 2024లో పశ్చిమ బెంగాల్ లారీలను ఆపినప్పుడు ఒడిశా అంతటా దాని ధర మండిపోయింది. అయినా సంచిలో మొదటి చోటు దానిదే. చిప్స్ ప్యాకెట్‌కు అయిదు రూపాయలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని నిలదీసేవాళ్లకూ ఇదే జవాబు. ఆ ప్యాకెట్‌లో ఒక్క ముక్క మిగలదని తల్లికి తెలుసు. తెలివితక్కువతనం కాదది, చేతిలో ఉన్న డబ్బుకు సరిపడిన జాగ్రత్త.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. పేదలే కదా ఆకుకూరలు బాగా తినేది? నిజం. చద్దన్నంలోకి వేయించిన తోటకూర, చెరువుగట్టున కోసుకొచ్చిన తూటికూర, పెరట్లో పాకిన బచ్చలి, మునగాకు ఈ జిల్లా ఊళ్లలో ఒడియా ఇళ్లకూ తెలుగు ఇళ్లకూ ఉమ్మడి భోజనం. మన ఇళ్లలో అదే బచ్చలి కందతో కలిసి, ఆవ పెట్టిన కూరవుతుంది. చేదో, జిగురో, ఆవ ఘాటో ఉన్న ఈ రుచులకు అక్కడి పిల్లలు అలవాటుపడగలిగారంటే కారణం స్పష్టమే: ఆ ఆకులకు డబ్బు పెట్టనక్కర్లేదు. ఇవాళ పిల్లాడు వద్దంటే రేపు మళ్లీ కోసుకొచ్చి వండుతారు, ఎల్లుండీ వండుతారు. వాళ్ల నాలుకలో లోపమేమీ లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పెరడూ చెరువుగట్టూ లేని బరంపురం బస్తీలో ఆకుకూర కూడా కట్టల లెక్కన కొనుక్కోవాల్సిందే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ జిల్లాలో లెక్కలేనన్ని చెట్లు కూలాయి. పెరటి మునగ పోయిన ఇంట్లో పిల్లలకు రుచి నేర్పే సాధనం కూడా పోయినట్టే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఒడిశాలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 64.2 శాతం మందికి రక్తహీనత ఉంది. కూరగాయలొక్కటే దీనికి మందు కాదు. అయినా నూటికి అరవై నాలుగు మంది బిడ్డలన్న లెక్క చదివి తల్లులకు అవగాహన సదస్సులు పెట్టి ఊరుకోవడం అన్యాయం. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో బడిలో వండిన భోజనం పిల్లల హక్కయింది. ప్రాథమిక తరగతుల్లో పిల్లవాడికి రోజుకు 50 గ్రాముల కూరగాయలు పెట్టాలన్నది నిబంధన. బియ్యం కాక పప్పు, కూరగాయలు, నూనె, దినుసులు, వంటచెరకు అన్నింటికీ కలిపి 2025 మే నుంచి కేంద్రం నిర్ణయించిన మొత్తం తలకు రూ. 6.78. ఇంత తక్కువ సొమ్ములో వంటామె ఏది చవకో అదే వేస్తుంది. ఒక వారం బొప్పాయి, ఇంకో వారం గుమ్మడి. ఏ రుచీ కుదురుకునేదాకా నిలవదు.

కూరను మెత్తగా మెదిపి పప్పులో కలిపేస్తే సరిపోదా అని కొందరంటారు. కడుపులోకి పోషకాలు వెళతాయి, సంతోషమే. కానీ తాను తిన్నది గుమ్మడికాయని తెలియని పిల్లాడు రేపు ఇంట్లో దాన్ని గుర్తుపట్టి అడగడు. ముక్క కంటికి కనపడాలి, చిన్నదిగా ఉండాలి, అదే కూర కొన్ని వారాలపాటు తిరిగి తిరిగి రావాలి. బలవంతం మాత్రం కూడదు. తినమని ఒత్తిడి చేస్తే పిల్లలకు ఆ వంటకం మీద విముఖత పెరుగుతుందని 2006లో గాలోవే బృందం గమనించింది. బడికి ఇంట్లో లేని బలం ఒకటుంది: పంక్తి. తనకు నచ్చని కూరను ఇష్టంగా తినే తోటివారి మధ్య కూర్చోబెడితే పిల్లల ఇష్టం మారుతుందని లియాన్ బర్చ్ 1980లోనే చూపించింది. అవతలి పిల్ల ములక్కాడ నమిలి పిప్పి తీసి పెడుతుంటే ఇవతలివాడు చూస్తూ ఊరుకోడు.

సర్కారు సొమ్ముతో కొన్న కూర పారేస్తే వృథా కాదా అన్న ప్రశ్న సమంజసమే. మొదటి వారాల్లో వృథా అవుతుంది. అందుకే రుచి చూపించే కూర రెండు మూడు ముక్కలకు మించకుండా, కడుపు నింపే దాల్మాకు అదనంగా పెట్టాలి, దానికి విడిగా డబ్బివ్వాలి. అంగన్‌వాడీలో గర్భిణి నుంచే మొదలుపెడితే బడిదాకా వచ్చేసరికి పారేసేది తగ్గుతుంది. మిగిలే చిక్కు వేసవి సెలవులు. ఎండలకు బడులు మూతపడే ఆ వారాల్లో అప్పుడప్పుడే నాలుకకెక్కుతున్న కూర కంచంలోకి రాదు. అలవాటు తెగకుండా ఉండాలంటే బియ్యం, పప్పులతో పాటు ఆ కూరగాయలు కూడా పిల్లల ఇళ్లకు చేర్చాలి.