మెట్ట ప్రాంత వ్యవసాయ కూలీలలో దీర్ఘకాలిక నడుము నొప్పి - ఉపశమనం

పన్నెండు వారాలు దాటి నిలిచిన నడుము నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలికమని వ్యవహరిస్తుంది. మునేటి ఒడ్డునున్న కీసర, దాని చుట్టుపట్ల నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పొలాలలో పత్తితీత, మిరపకోత వంగి చేసే పనులే. దానివల్ల నడుము కండరాలపై, వెన్నుపూసల నడుమనున్న బిళ్ళలపై భారం ఎడతెగక పడుతుంది. అయినా నొప్పి ఉన్నంత మాత్రాన ఎముక అరిగిందని భావించరాదు. పదింట తొమ్మిది సందర్భాలలో నిర్దిష్టమైన శారీరక కారణం తేలదు. స్కానింగులో కనిపించే అరుగుదల నొప్పి లేనివారిలోనూ ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని, రోగికి అవగాహన కల్పించడాన్ని సూచించాయి. నడుము పట్టీలను, ట్రాక్షన్‌ను సాధారణ చికిత్సగా వాడవద్దన్నాయి. మందుల దుకాణంలో సులువుగా దొరికేది మాత్రం ఆ పట్టీయే. ఓపియాయిడ్ మందులనూ అవి వారించాయి.

మంచాన పడి ఉండటం కన్నా నడక మేలు. చిక్కల్లా కూలీ విషయంలోనే: 'పని మానండి' అన్న సలహా ఆమెకు కూలి డబ్బులు వదులుకోమనడమే. సాలు చివర నిటారుగా నిలిచి నాలుగడుగులు వేయడం, పత్తి మూటను ఇద్దరు పట్టి ఎత్తడం ఆచరణసాధ్యాలు. కాలు బలహీనపడినా, మూత్రంపై పట్టు తప్పినా, జ్వరం తోడైనా జాప్యం లేకుండా వైద్యుని సంప్రదించాలి.