రంగు చెప్పే సైనైడ్ లెక్క

ఢిల్లీ చుట్టుపక్కల లోహపు వస్తువులకు జింకు, రాగి, వెండి పూత పూసే చిన్న యూనిట్లు చాలానే ఉన్నాయి. ఆ తొట్లలో కొన్నింటిలో సోడియం లేదా పొటాషియం సైనైడ్ ఉంటుంది. కడిగిన నీటిని శుద్ధి చేయకుండా వదిలితే అది మురుగు కాలువలోకి చేరుతుంది. నీటిలో కరిగిన సైనైడ్‌కు రంగుండదు. మరి ఎలా పట్టుకోవాలి?

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో సైనైడ్ లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదు. ఎలక్ట్రోప్లేటింగ్ వ్యర్థజలాలకు పరిమితి 0.2 మిల్లీగ్రాములు. ఇంత తక్కువ మోతాదును కొలవడానికి ప్రయోగశాలలు రంగును ఆశ్రయిస్తాయి. నమూనాకు క్లోరమిన్-టి కలిపితే సైనైడ్ కాస్తా సైనోజన్ క్లోరైడ్‌గా మారుతుంది. దానికి పిరిడిన్, బార్బిట్యూరిక్ ఆమ్లాల మిశ్రమం చేర్చగానే ఎరుపు కలిసిన ఊదా రంగు వస్తుంది. ఎనిమిది నిమిషాలు ఆగి, 578 నానోమీటర్ల కాంతిని ఆ ద్రావణం ఎంత పీల్చుకుందో స్పెక్ట్రోఫోటోమీటర్‌తో చూస్తారు. రంగు ఎంత చిక్కగా ఉంటే సైనైడ్ అంత ఎక్కువన్నమాట. ముందే తెలిసిన మోతాదులతో గీసిన రేఖతో పోల్చి అంకె చెబుతారు.

ఇదంతా తేలికే. అసలు చిక్కు సీసా నింపేటప్పుడే మొదలవుతుంది. మామూలు నీటిలో సైనైడ్ దాదాపు అంతా హైడ్రోజన్ సైనైడ్ రూపంలో ఉంటుంది, అది వాయువుగా ఎగిరిపోగలదు. అందుకే నమూనా తీసిన చోటే సోడియం హైడ్రాక్సైడ్ కలిపి పీహెచ్‌ను 12కు పెంచి, ఐసు పెట్టెలో చల్లగా, వెలుతురు తగలకుండా తీసుకెళ్లాలి. మరిచిపోతే ప్రయోగశాలలో రంగు రాదు, నీరు మంచిదేనని రిపోర్టు వస్తుంది!

ఢిల్లీ కాలువల్లో మరో తంటా ఉంది. మురుగులో పుట్టే సల్ఫైడ్, క్షారంలో సైనైడ్‌ను థయోసైనేట్‌గా మార్చేస్తుంది. కాబట్టి క్షారం కలపకముందే లెడ్ అసిటేట్ కాగితంతో చూడాలి. కాగితం నల్లబడితే సల్ఫైడ్‌ను తొలగించాకే ముందుకు సాగాలి. కుళాయి నీటిలోనైతే మిగిలిన క్లోరిన్ సైనైడ్‌ను నాశనం చేస్తుంది, దాన్ని కూడా అక్కడే నిర్వీర్యం చేయాలి.

లోహాలతో పెనవేసుకున్న సైనైడ్‌ను విడదీయడానికి ప్రయోగశాలలో నమూనాను ఆమ్లంతో మరిగించి, వెలువడే వాయువును క్షారంలోకి పట్టి ఆ తర్వాత రంగు పరీక్ష చేస్తారు. ఈ పని వాయువును బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కిందే జరగాలి. వజీర్‌పూర్ వంటి చోట స్టీలును శుభ్రం చేసిన ఆమ్లం, పూత తొట్టి నీరు ఒకే కాలువలో కలిస్తే జరిగేదీ ఇదే చర్య. అక్కడ హుడ్ ఉండదు.

జాగ్రత్తగల విశ్లేషకులు అదే నమూనాలో కొంత భాగానికి తెలిసిన మోతాదు సైనైడ్ కలిపి మళ్లీ పరీక్షిస్తారు. కలిపినంతా తిరిగి కనబడకపోతే మొదటి అంకెను నమ్మరు.