శీతపరీక్ష

మలక్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ పోవు బాట ప్రక్కల, స్టీలు గేట్లు అతుకు దుకాణములపై ‘ఆర్గాన్ వెల్డింగ్’ అను బోర్డులు కానవచ్చును. గాలిలో నూటికి ఒక పాలైనను నిండని ఆ వాయువు, దేనితోను కలియని స్వభావముచేత కరగిన లోహమునకు గాలి సోకకుండ కాచుచున్నది. ఆ స్వభావమే న్యూట్రినో అను మౌలికకణముల జాడ తీయువారికిని ఆధారమైనది.

చల్లార్చి ద్రవముగా మార్చిన ఆర్గానులో న్యూట్రినో ఒక కేంద్రకమును తాకినపుడు వెలువడు ఆవేశపూరిత కణములు తమ దారి పొడవునను ఎలక్ట్రాన్లను విడిపించును. ఆర్గాను వానితో కలియదు గనుక, ద్రవము స్వచ్ఛమైనచో, విద్యుత్‌క్షేత్రము వానిని ఆ దారి రూపు చెదరకుండ ఆవలి గోడకు చేర్చును. కార్లో రుబ్బియా 1977లో ప్రతిపాదించిన ఈ విధానమున చిరకాలము తీగల వరుసలే ఆ ఎలక్ట్రాన్లను అందుకొనుచుండెను. కాని తీగలు చూపునది జాడ యొక్క నీడను మాత్రమే. పెక్కు జాడలు పెనవేసికొన్నచోట ఏ నీడ ఏ కణముదో తేల్చుట దుర్ఘటము. గోడను కొలది మిల్లీమీటర్ల పలకలుగా విభజించి, ప్రతి పలకకును వేఱు విద్యున్మార్గము నమర్చినచో ఆ చిక్కు విడును. అయితే మార్గములు వేలకువేలగును, ప్రతి మార్గమును వేడి పుట్టించును. ఆర్గానో, −186 డిగ్రీల సెల్సియస్ దరిని మరగి, −189 దరిని గడ్డకట్టును! అంత యిఱుకున నిలిచిన ద్రవములో, ఆ మార్గములను మోయు చిప్ కొంచెము వేడెక్కినను బుడగలు లేచును.

అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలవారు రూపొందించి 2018లో వెల్లడించిన లార్‌పిక్స్ చిప్, పలకపై చేరిన ఆవేశము నిర్ణీతమైన హద్దు దాటినపుడే దానిని అంకెగా మార్చి, కాలముతో సహా పంపును. తక్కిన వేళ ఊరకుండును. ఒక్కొక్క మార్గమునకు నూఱు మైక్రోవాట్లైనను పట్టదు. దాని ఘనత యంతయు ఈ మితవ్యయమునందే యున్నదని నా తలంపు.

చలిలో ట్రాన్సిస్టరు నడక మాఱును: ఎలక్ట్రాన్ల చలనము చుఱుకగును, ఉష్ణజనితమైన అలజడి తగ్గును, కాని వేగము హెచ్చిన ఎలక్ట్రాన్లు పరికరమును మెల్లమెల్లగ అరగదీయును. సిలికాను, రాగి, బోర్డు వేర్వేరు పాళ్లలో ముడుచుకొనుటచే టంకపు అతుకులు బీటవాఱవచ్చును. కావుననే గదిలో చక్కగ పలికిన చిప్‌ను పరీక్షకులు అంతటితో నమ్మరు. తెలిసిన పరిమాణము గల ఆవేశమును చొప్పించి బదులు వ్రాసికొని, పిమ్మట −196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ముంచి, అదే ఆవేశమును మరల చొప్పించి, ఏ మార్గము మూగవోయినదో, దేని హద్దు జరిగినదో, దేనియందు అలజడి మిగిలినదో పోల్చి చూతురు. పాత్ర మూసి ఆర్గాను నింపిన పిదప మరమ్మతునకు చేయి చొరదు గదా!

2021లో స్విట్జర్లాండులోని బెర్న్‌లో ఈ చిప్‌లతో కూర్చిన, ఇంచుమించు 80,000 పలకల నమూనా మాడ్యూలు విశ్వకిరణముల జాడలను మూడు కొలతలలో చిత్రించినది. 2024లో ఇట్టి నాలుగు మాడ్యూళ్లు అమెరికాలోని ఫెర్మీ ల్యాబ్ పుంజమున న్యూట్రినోలను పట్టినవి. ఈ పరిశ్రమయంతయు డ్యూన్ అను న్యూట్రినో మహాప్రయోగమునకై జరుగుచున్నది. అందు గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయమును, కందిలోని ఐఐటియును భాగస్వాములు. పుంజము పుట్టుచోటికి చేరువనుండు దాని సమీప శోధకమున 35 మాడ్యూళ్లు కూర్పవలసియున్నది; వానిలో చేరు ప్రతి చిప్‌కును ఈ చలి తప్పదు.